నడకదారి పక్కన పచ్చిక అంచును తీర్చిదిద్దడం ఎలా?

పచ్చిక ఎంత ఒత్తుగా ఎదిగినా, నడకదారిని తాకే చోట గడ్డి రాళ్ళ మీదికి పాకి, మట్టి చెదిరి ఉంటే తోట అంతా ఎవరూ పట్టించుకోనట్టు కనిపిస్తుంది. గడ్డి అక్కడక్కడ పలచబడిన పచ్చికకు కూడా నిలువుగా, శుభ్రంగా కోసిన అంచు ఉంటే చూసేవారి కన్ను ముందుగా ఆ గీతనే పట్టుకుంటుంది. ఆ గీతను మొదటిసారి ఎలా కోయాలో, కోసిన తరువాత ఎలా నిలబెట్టుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఈ పనిలో చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. అంచును కోయడం వేరు, అంచు మీదుగా వేలాడే గడ్డిని కత్తిరించడం వేరు. కోత మట్టిలోకి దిగే పని. వేళ్ళను, మట్టిని కలిపి నిలువుగా తెగ్గొట్టి అది గీతను ఏర్పరుస్తుంది. కత్తిరింపు మట్టి జోలికే పోదు. ఉన్న గీతను దాటి వచ్చిన పోచలను మాత్రమే తీసివేస్తుంది. కోత ఏడాదికి ఒకసారి చాలు, కత్తిరింపు మాత్రం గడ్డి పెరిగే కాలమంతా జరుగుతూ ఉండాలి. అంచు కాస్త చెదిరినప్పుడల్లా పార తీసుకుని మట్టిని కోసేవారి పచ్చిక ఏటేటా వెనక్కి జరుగుతుంది. దారి ఉన్నచోటనే ఉంటుంది కనుక రెండింటి మధ్య గాడి వెడల్పవుతూ పోయి, చివరికి అందులో కాలు మడతపడే స్థితి వస్తుంది.

మీ గడ్డి ఏ రకమో ముందు గమనించండి

గరిక నేల మీద పాకే కాండాలతోనూ, నేల లోపల సాగే కాండాలతోనూ వ్యాపిస్తుంది. ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు వేయగలదు. దారి రాతి మీద మట్టి లేకపోయినా, గాలికి చేరిన దుమ్ము, కోసినప్పుడు రాలిన గడ్డి ముక్కలు కుళ్ళి ఏర్పడిన పలచని పొర ఉంటే దానికి చాలు, అందులోనే వేళ్ళూనుకుంటుంది. జోయిసియా గడ్డి కూడా ఇలాగే రెండు విధాలా పాకుతుంది, కానీ నెమ్మదిగా. సెయింట్ అగస్టీన్ గడ్డి నేల పైన మాత్రమే పాకుతుంది, కెంటకీ బ్లూగ్రాస్ నేల లోపలి కాండాలతో వ్యాపిస్తుంది, రైగ్రాస్ దుబ్బు కట్టి ఉన్నచోటనే పెరుగుతుంది. పైన పాకే గడ్డికి కత్తెర సరిపోతుంది. నేల లోపల సాగే గడ్డిని మాత్రం మట్టిలోకి దిగిన గాడి ఒక్కటే ఆపగలదు, ఎందుకంటే ఆ కాండం గాడిలోకి వచ్చి వెలుతురులోకి తల పెట్టినప్పుడే మీ కంటికి కనిపిస్తుంది, చేతికి చిక్కుతుంది.

నేలకు పదును, పనిముట్టుకు పదును

అంచు కోతలో సగం విజయం సరైన రోజును ఎంచుకోవడంలో ఉంది. నేల ఎండి గట్టిపడి ఉంటే పార దిగదు, బలవంతంగా దింపితే అంచు పెళ్ళలుగా విరిగిపోతుంది. నేల బురదగా ఉంటే కోసిన గోడ జారిపోతుంది, మీరు నిలబడిన చోట మట్టి అణిగి గుంట పడుతుంది. నేల పదును మీద ఉన్నదో లేదో తెలుసుకోవడానికి అంచు దగ్గర గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగించి చూడండి. ముద్ద కట్టి, వేలితో నొక్కితే విడిపోతే పని మొదలుపెట్టవచ్చు. ముద్దే కట్టకపోతే ఎండి ఉన్నట్టు, నొక్కినా విడిపోక వేలికి అంటుకుంటే తడి ఎక్కువగా ఉన్నట్టు. ఎండిన నేలను ముందురోజు సాయంత్రం 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు వరకు తడి దిగేలా తడిపి, రాత్రంతా వదిలేయండి. వర్షం పడితే నీరు ఇంకిన మరుసటి రోజు మంచిది. కాలం విషయానికి వస్తే, గడ్డి చురుకుగా పెరగడం మొదలుపెట్టే రోజుల్లో కోస్తే తెగిన అంచు త్వరగా తేరుకుంటుంది. మండే ఎండల్లో కోస్తే బయటపడిన వేళ్ళు ఎండిపోయి అంచు వెంట గోధుమరంగు చార ఏర్పడుతుంది.

కోతకు అన్నింటికన్నా అనువైన పనిముట్టు, పొడవాటి కర్రకు అర్ధచంద్రాకారపు రేకు బిగించిన పార. అది దొరకకపోతే రేకు వంపు లేని చదునైన పార వాడవచ్చు. వంపు తిరిగిన మామూలు పార మాత్రం వద్దు, దానితో కోసిన అంచు చేప పొలుసుల్లా వరుస వంపులుగా వస్తుంది. రేకు వాదరను ఆకురాయితో ఒకే వైపు వాలుగా రాయండి. మొద్దుబారిన రేకు వేళ్ళను కోయదు, లాగుతుంది. లాగిన చోట గడ్డి మట్టితో సహా లేచి వస్తుంది. వీటితో పాటు రెండు కొయ్యమేకులు, గట్టి దారం, రెండు మీటర్ల పొడవున్న తిన్నని చెక్కపలక, తోట గొట్టం, పదునైన పాత కత్తి, పొడవాటి పిడులు ఉన్న అంచు కత్తెర, గట్టి పుల్లల చీపురు, తీసిన మట్టి వేసుకోవడానికి ఒక తట్ట సిద్ధం చేసుకోండి. మందపాటి అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. రేకును కాలితో తొక్కాలి కనుక చెప్పులతో ఈ పనికి దిగకండి.

అంచు వెంట నీటి గొట్టాలు, తోట దీపాల తీగలు తక్కువ లోతులో వెళ్తూ ఉండవచ్చు. అవి ఎక్కడ ఉన్నాయో ముందే తెలుసుకుని, ఆ చోట్ల చిన్న పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. విద్యుత్ తీగ ఉందేమోనని అనుమానం ఉన్నా సరే, ఆ భాగాన్ని పారతో ముట్టకుండా వదిలేయండి.

దారి అసలు అంచును వెతకడం

గడ్డిని మామూలు ఎత్తుకు కోసి, కోసిన గడ్డిని తీసివేసి, ఆ తరువాతే గీత గురించి ఆలోచించండి. పాత తోటల్లో దారి వెడల్పు మనం అనుకునే దాని కంటే ఎక్కువగా ఉంటుంది, ఏళ్ళ తరబడి పాకిన గడ్డి దాన్ని కప్పేసి ఉంటుంది. కత్తి మొనను గడ్డి లోంచి కిందికి గుచ్చుతూ దారి వైపు నుంచి పచ్చిక వైపు జరగండి. మొన రాతికి తగులుతున్నంత వరకు అది దారే, మెత్తగా దిగిన చోట దారి ముగిసింది. మీటరుకు ఒకసారి ఇలా చూసి పుల్ల గుచ్చితే అసలు అంచు బయటపడుతుంది. రాతి మీద పరుచుకున్న గడ్డికి లోతైన వేళ్ళు ఉండవు కనుక, చదునైన పారను పడుకోబెట్టి కిందికి తోస్తే చాపలా చుట్టుకుని లేచి వస్తుంది. నన్ను అడిగితే ఈ పని మొత్తంలో ఇంతకంటే తృప్తినిచ్చే ఘట్టం లేదు. అరగంటలో దారి జానెడు వెడల్పు పెరుగుతుంది.

తిన్నని దారి అయితే, దారి అంచు నుంచి గాడి వెడల్పు మేర, అంటే 1.5 నుంచి 2 సెంటీమీటర్లు పచ్చిక వైపు జరిగి, రెండు చివర్లా మేకులు పాతి, దారాన్ని నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున బిగించి కట్టండి. దారం ఎత్తుగా ఉంటే మీరు నిలబడిన చోటును బట్టి గీత జరిగినట్టు కనిపిస్తుంది. దారి అంచు స్వయంగా అక్కడక్కడ వంకరగా ఉంటే ఏం చేయాలి? వంకర ఒక సెంటీమీటరు లోపే ఉంటే దారాన్నే నమ్మండి. గాడి వెడల్పులో అంత తేడా ఎవరి కంటికీ ఆనదు. అంతకు మించితే దారినే అనుసరించండి.

వంపు తిరిగే దారికి దారం పనికిరాదు. తోట గొట్టాన్ని కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. దాన్ని అంచు వెంట పరిచి, దూరంగా వెళ్ళి చూడండి, తోటను మీరు రోజూ చూసే కిటికీ నుంచో, గుమ్మం నుంచో కూడా చూడండి. దగ్గర నుంచి అందంగా కనిపించిన చిన్న చిన్న మెలికలు దూరం నుంచి చేతి వణుకులా కనిపిస్తాయి. పైగా గడ్డి కోసే యంత్రం వాటిలో తిరగలేదు. ఒకే సాగుడుగా వంగే పెద్ద వంపును ఎంచుకుని, గొట్టం వెంట ఇసుకతోనో, పిండిసున్నంతోనో పలచగా గీత పోయండి.

కోత

చెక్కపలకను పచ్చిక మీద, దాని అంచు సరిగ్గా గీతకు ఆనేలా పరవండి. పలక రెండు పనులు చేస్తుంది. రేకుకు గోడలా నిలిచి గీత తప్పకుండా కాపాడుతుంది, మీ బరువును పరచి అంచు కింది మట్టి కూలకుండా చూస్తుంది. కనుక పలక మీదనే నిలబడి పని చేయండి. దారి మీద నిలబడి కోస్తే పార కర్ర తెలియకుండానే మీ వైపు వాలి కోత ఏటవాలుగా వస్తుంది.

రేకును పలకకు ఆనించి, కర్రను నిట్టనిలువుగా పట్టుకుని, రేకు పైఅంచు మీద అరికాలి మధ్యభాగంతో నెమ్మదిగా తొక్కండి. ఒక్క తొక్కుకు దిగకపోతే కర్రను ఎడమకూ కుడికీ కొద్దిగా ఊపండి, రేకు వంపు వల్ల అది ఊయలలా కదులుతూ వేళ్ళను తెంపుకుంటూ దిగుతుంది. లోతు 5 సెంటీమీటర్లు ఉంటే చాలు, గరిక బలంగా ఉన్న చోట 7 వరకు వెళ్ళవచ్చు. రేకు మీద ఆ లోతు దగ్గర రంగు గీతో, పట్టీయో పెట్టుకుంటే ప్రతి కోతా ఒకే లోతుకు వస్తుంది. తరువాతి కోతను మొదటి దాని మీద రేకు వెడల్పులో మూడోవంతు పడేలా వేయండి. అలా వేయకపోతే రెండు కోతల మధ్య కొన్ని వేళ్ళు తెగకుండా మిగిలి, దారికీ కోతకూ మధ్య మిగిలే గడ్డి పట్టీని లేపేటప్పుడు మంచి అంచును కూడా చింపుకుని వస్తాయి. ఇసుక నేలలో నిలువు గోడ నిలవదు కనుక అక్కడ మాత్రం గోడ అడుగు దారి వైపు కొద్దిగా జరిగేలా రేకును వాలుగా దింపండి; బంకమట్టిలో నిలువు కోతే మేలు.

ఇటుకలు లేదా రాళ్ళు పరిచిన దారి దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. పక్క ఇటుకలు జరిగిపోకుండా వాటి బయటి వైపు నేల లోపల సిమెంటు కట్ట వేసి ఉంటారు. రేకు నాలుగైదు సెంటీమీటర్లు దిగి టంగుమని ఆగితే అది బహుశా ఆ కట్టే. గునపంతో దాన్ని పగలగొట్టకండి. అది పోతే ఏడాది తిరిగేలోపు ఇటుకలు వదులై దారే పక్కకు ఒరుగుతుంది. అక్కడ దొరికిన లోతుతో తృప్తిపడి, కట్ట మీది పలచని మట్టి త్వరగా ఆరిపోతుంది కనుక ఆ అంచుకు నీళ్ళు కొంచెం ఎక్కువ పెట్టండి. అలాగే చెట్టు వేరు అడ్డం వస్తే, బొటనవేలి లావు మించిన దాన్ని కోయకుండా గీతను అక్కడ ఆపి, అవతల నుంచి కొనసాగించండి.

కోత పూర్తయ్యాక, దారికీ కోతకూ మధ్య మిగిలిన పట్టీని మూరకొక చోట అడ్డంగా కోసి, పారను కిందికి తోసి ముక్కలుగా లేపండి. దారి పక్కన మిగలవలసిన గాడి 1.5 నుంచి 2 సెంటీమీటర్ల వెడల్పుకు మించకూడదు. గాడి అడుగున వదులైన మట్టిని, తెల్లగా మెరిసే కాండం ముక్కలను చేత్తో ఏరివేయండి. గరిక ముక్క ఒక్క కణుపుతో మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. ఆ పైన దారిని ఊడ్చి, కొత్త అంచును పలచగా తడిపితే కోత ముగిసినట్టే.

ఎత్తుపల్లాలు

అంచు ఎంత నేర్పుగా కోసినా పచ్చిక నేల దారి కంటే కిందుగా ఉంటే అది నిలవదు. గడ్డి కోసే యంత్రం చక్రం రాతి మీద ఎక్కి, ఆ పక్కన బెత్తెడు మేర గడ్డి కోతకు అందకుండా మిగిలిపోతుంది. పచ్చిక మట్టి దారి కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండడం సరైన అమరిక, ఎందుకంటే అప్పుడు యంత్రం అంచు దాటి వెళ్ళినా బ్లేడు రాతికి తగలదు. నేల కొద్దిగా తగ్గి ఉంటే జల్లెడ పట్టిన మట్టిని, ఇసుకను కలిపి, గడ్డి పోచల కొనలు కనిపిస్తూనే ఉండేలా ఒక సెంటీమీటరు మందాన చల్లండి. గడ్డి దాని లోంచి పైకి వచ్చాక మరో పొర వేయండి. ఒకేసారి మందంగా పోస్తే కింది గడ్డి ఊపిరాడక చస్తుంది. తేడా ఎక్కువగా ఉంటే గడ్డిని పెళ్ళలుగా లేపి, కింద మట్టి నింపి, మళ్ళీ పరచడమే మార్గం. నేల దారి కంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండి వర్షానికి మట్టి దారి మీదికి కారుతుంటే, అదే పద్ధతిలో పెళ్ళలు లేపి కింది మట్టిని తీసివేయండి.

కంకర దారికి గాడి ఒక్కటే చాలదు. నడిచేవారి కాళ్ళకు కంకర గాడిలో పడి, అక్కడి నుంచి గడ్డిలోకి చేరుతుంది. గడ్డి కోసే యంత్రం ఆ రాళ్ళను విసిరికొట్టడం ప్రమాదకరం. అటువంటి చోట కోసిన గోడకు ఆనించి రేకు పట్టీనో, ఒక వరుస ఇటుకలనో పాతండి. వాటి పైఅంచు పచ్చిక మట్టికి సమానంగా లేదా కొంచెం కిందుగానూ, కంకర ఆ పైఅంచుకు రెండు సెంటీమీటర్లు కిందుగానూ ఉండాలి.

అంచును నిలబెట్టుకోవడం

గడ్డి బాగా పెరిగే కాలంలో రెండు వారాలకు ఒకసారి, వీలైతే గడ్డి కోసిన ప్రతిసారీ, అంచు కత్తెరతో వేలాడే పోచలను తీసివేయండి. ఈ కత్తెరకు పిడులు నిలువుగా, బ్లేడులు నేల దగ్గర అంచు వెంట సాగేలా ఉంటాయి కనుక నడుము వంచనక్కర లేదు. రెండు చేతులనూ ఆడించకండి. ఒక పిడిని కదలకుండా పట్టుకుని, దాని బ్లేడును కోసిన గోడకు ఆనించి ఉంచి, రెండవ పిడిని మాత్రమే ఆడిస్తూ ముందుకు నడవండి. రెండూ ఆడితే కత్తెర ఊగి, కత్తిరింపు ఎగుడుదిగుడుగా వస్తుంది. రాలిన పోచలను గాడిలో వదిలేయకండి. ముందు చెప్పిన కుళ్ళిన పొర మొదలయ్యేది వాటితోనే.

నైలాన్ తీగ తిరిగే ట్రిమ్మర్‌తో పని త్వరగా అవుతుంది, కానీ చేయి కొద్దిగా తడబడినా తీగ మట్టిలోకి దిగి గోడను గీరేస్తుంది. పొడవైన దారి ఉన్నవారు వాడక తప్పదు కనుక, కళ్ళకు రక్షణనిచ్చే అద్దాలు, మూసిన బూట్లు వేసుకుని, చుట్టుపక్కల మనుషులూ జంతువులూ లేరని చూసుకుని, తల భాగాన్ని నిలువుగా తిప్పి, ఆగకుండా ఒకే వేగంతో నడవండి. చిన్న తోటకైతే కత్తెరనే సిఫారసు చేస్తాను.

కలుపు మందు చల్లి అంచు వెంట గడ్డిని చంపే పద్ధతిని నేను ఒప్పుకోను. అది గీతను ఇవ్వదు, ఎండిన చారను ఇస్తుంది. మట్టిని పట్టి ఉంచే వేళ్ళు చచ్చిన తరువాత వచ్చే మొదటి పెద్ద వానకే అంచు కరిగి దారి మీదికి చేరుతుంది. రాళ్ళ సందుల్లో ఉప్పు చల్లడం ఇంకా చెడ్డది. కరిగిన ఉప్పు పచ్చికలోకే దిగుతుంది.

ఏడాదికి ఒకసారి చేసే కోతలో కూడా కొత్త గీత గీయకండి, పాత గోడ మీదనే రేకును దింపండి. ఇన్నాళ్ళ పొరపాటు వల్ల గాడి ఇప్పటికే వెడల్పయి ఉంటే, అందులో మట్టి నింపి గట్టిగా అదిమి, పాకే రకం గడ్డిని కొద్ది వారాలు కత్తిరించకుండా వదిలితే అదే ఆ మట్టి మీదికి సాగి వేళ్ళు వేస్తుంది. తరువాత దారి పక్కన మళ్ళీ సన్నని గాడి కోసుకోవచ్చు.

విరిగిన అంచును బాగుచేయడం

ఎవరో కాలు వేయడం వల్లనో, చక్రం దిగడం వల్లనో అంచు ఒక చోట విరిగిపోతే, ఆ లోపాన్ని అందుకోవడానికి గీత మొత్తాన్ని వెనక్కి జరపనక్కర లేదు. విరిగిన భాగం ఒక పక్కకు వచ్చేలా, దాని వెనుక మంచి గడ్డి కూడా కలిసేలా, దీర్ఘచతురస్రాకారపు పెళ్ళను కోయండి. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతాయి. దాని కింద 4 సెంటీమీటర్ల మందం మట్టి ఉండేలా పారను అడ్డంగా తోసి లేపండి. ఇప్పుడు ఆ పెళ్ళను అక్కడే సగం చుట్టు తిప్పి పెడితే, పచ్చిక లోపలి వైపు ఉన్న శుభ్రమైన కోత దారి వైపుకు వస్తుంది, విరిగిన పక్క లోపలికి పోతుంది. పెళ్ళ అడుగు నేలను గీరి వదులు చేసి, ఎత్తు పక్క గడ్డితో సమానంగా వచ్చే వరకు కొద్దిగా మట్టి చేర్చండి లేదా తీయండి. లోపలి వైపు మిగిలిన లోటును మట్టితో నింపి, అక్కడ అదే రకం గడ్డి గింజలు చల్లండి. గరిక అయితే కణుపులున్న కాడ ముక్కలను గుచ్చండి. అతుకుల్లోకి పొడి మట్టి దూర్చి, పలక వేసి మీద నిలబడి అణచండి. రెండు వారాలపాటు మట్టి ఆరనివ్వకుండా నీళ్ళు చల్లుతూ, పెళ్ళను చేత్తో మెల్లగా లాగితే కదలనంత వరకు దాని మీద ఎవరూ అడుగు వేయకుండా రెండు పుల్లలు పాతి దారం కట్టి ఉంచండి.